అమెరికాలో బ్యాంకు బాకీ వసూలు ఏజెన్సీ చేతికి వెళ్తే: తిరుపతి, చిత్తూరుల నుంచి కొత్తగా వచ్చినవారికి సూచనలు

తిరుపతి, చిత్తూరు ప్రాంతాల నుంచి చదువుకో ఉద్యోగానికో అమెరికా వచ్చినవారు త్వరలోనే క్రెడిట్ కార్డు తీసుకుంటారు. ఉద్యోగం పోయినప్పుడో, ఇల్లు మారాక బిల్లులు పాత చిరునామాకే వెళ్తున్నప్పుడో ఆ కార్డు బాకీ పేరుకుపోతుంది. సాధారణంగా 180 రోజులు చెల్లింపు లేకపోతే బ్యాంకు దానిని రాని బాకీగా లెక్కల్లో రాసుకుంటుంది, వసూలు కోసం ఒక ఏజెన్సీకి అప్పగిస్తుంది లేదా అమ్మేస్తుంది. అంతమాత్రాన అప్పు రద్దయినట్లు కాదు. ఇక మీకు ఫోన్ చేసేది మీరు ఎన్నడూ పేరు వినని సంస్థ. అప్పును పరువుతో ముడిపెట్టి చూసే ఇళ్లలో పెరిగినవాళ్లం కాబట్టి, ఆ మొదటి ఫోనుకే బెదిరి, అడిగినంతా కట్టేస్తామని ఒప్పుకునే ప్రమాదం మనకు ఎక్కువ. దయచేసి ఆ పని చేయకండి. బాకీ వివరాల కాగితం చేతికి వచ్చేదాకా డబ్బు కట్టవద్దు, కడతామని మాట ఇవ్వవద్దు, బ్యాంకు ఖాతా నంబరు చెప్పవద్దు.

ఆ కాగితం అడగడం మీ హక్కు. 1977లో చేసిన ఫెయిర్ డెట్ కలెక్షన్ ప్రాక్టీసెస్ చట్టం ప్రకారం, ఏజెన్సీ మిమ్మల్ని మొదటిసారి సంప్రదించినప్పుడే గానీ, ఆ తర్వాత 5 రోజుల్లోపు గానీ, అసలు అప్పు ఎవరిది, ఎంత, దానిని ఎలా ప్రశ్నించాలి అన్న వివరాలతో నోటీసు ఇవ్వాలి. అది అందిన 30 రోజుల్లోపు బాకీ మీది కాదనో, అడుగుతున్న సొమ్ము లెక్క తప్పనో మీరు రాతపూర్వకంగా తెలియజేస్తే, రుజువు పంపేవరకు వారు వసూలు ప్రయత్నాలు ఆపాలి. ఫోనులో చెప్పిన అభ్యంతరానికి ఈ రక్షణ వర్తించదు. అందుకే ఉత్తరాన్ని సర్టిఫైడ్ మెయిల్‌లో, అందినట్లు రసీదు తిరిగి వచ్చే పద్ధతిలో పంపి, నకలు దాచుకోండి. ఈ చట్టం ప్రధానంగా వసూలు ఏజెన్సీలకే వర్తిస్తుంది. అప్పిచ్చిన బ్యాంకు తన పేరుతో తానే వసూలు చేసుకుంటుంటే రాష్ట్ర చట్టాలు చూసుకోవాలి. కాలిఫోర్నియా వంటి చోట్ల అటువంటి రక్షణ ఉంది.

మీరున్న చోటి సమయం ప్రకారం ఉదయం 8 గంటలకు ముందు, రాత్రి 9 తర్వాత వారు ఫోన్ చేయకూడదు. 2021 నవంబరు 30 నుంచి అమల్లో ఉన్న నిబంధనల ప్రకారం ఒక బాకీ గురించి 7 రోజుల్లో 7 సార్లకు మించి ఫోన్ చేయడం వేధింపు కిందికి వస్తుందని భావిస్తారు. కార్డు బాకీ కట్టనందుకు అరెస్టు చేయిస్తామనడం, వీసా రద్దు చేయిస్తామనడం చట్టవిరుద్ధమైన బెదిరింపులు. వీసా మీద ఏ ఏజెన్సీకీ అధికారం లేదు.

కొర్లగుంటలోనో గ్రీంస్‌పేటలోనో ఉన్న అమ్మానాన్నలకు ఈ సంగతి ముందుగానే చెప్పి ఉంచండి. ఏజెన్సీ ఇతరులను అడగగలిగేది మీ ఆచూకీ మాత్రమే, అదీ సాధారణంగా ఒక్కసారే. మీకు అప్పుందని వారికి చెప్పకూడదు. "మీ అబ్బాయిని జైల్లో పెడతారు, వెంటనే డబ్బు పంపండి" అని తిరుపతికి ఫోన్ వస్తే అది మోసమో, చట్టాన్ని మీరిన వసూలో అయి ఉంటుంది. పెద్దవాళ్లు ఓటీపీ గానీ ఖాతా వివరాలు గానీ చెప్పకుండా ఫోన్ పెట్టేయాలి. అయితే భారత్‌లోని బ్యాంకులో తీసుకున్న విద్యారుణం సంగతి వేరు. దానిలో నాన్నగారు సహ రుణగ్రహీతగా సంతకం చేసి ఉంటే బ్యాంకు ఆయనను నేరుగా అడగవచ్చు. అప్పుడు కూడా రికవరీ ఏజెంట్లు ఉదయం 8కి ముందు, సాయంత్రం 7 తర్వాత ఫోన్ చేయకూడదని రిజర్వ్ బ్యాంకు 2022 ఆగస్టులో ఆదేశించింది. బ్యాంకుకు ఇచ్చిన ఫిర్యాదుకు 30 రోజుల్లో జవాబు రాకపోతే బ్యాంకులపై ఫిర్యాదులు పరిష్కరించే రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్‌ను ఆశ్రయించవచ్చు.

పాత బాకీల విషయంలో మరింత జాగ్రత్త అవసరం. దావా వేయడానికి గడువు చాలా రాష్ట్రాల్లో 3 నుంచి 6 ఏళ్లు. కొన్ని రాష్ట్రాల్లో కొద్దిగా కట్టినా, అప్పు ఒప్పుకుంటూ రాసిచ్చినా ఆ గడువు మళ్లీ మొదటి నుంచి లెక్కకు వస్తుంది. క్రెడిట్ నివేదికలో ఆ మచ్చ ఉండే 7 ఏళ్లు మాత్రం అలా పెరగవు.

ఉత్తరాలు పట్టించుకోకపోయినా గండం గడవవచ్చు గానీ, కోర్టు సమన్లు వస్తే మాత్రం గడువులోగా జవాబు దాఖలు చేసి తీరాలి. లేకపోతే బాకీ నిజమా కాదా అన్న విచారణ లేకుండానే మీకు వ్యతిరేకంగా తీర్పు రావచ్చు, దానితో చాలా రాష్ట్రాల్లో వారు మీ జీతం నుంచి కోత పెట్టించుకోవచ్చు. ఏజెన్సీ చట్టం మీరితే రాష్ట్ర అటార్నీ జనరల్ కార్యాలయానికి, ఆర్థిక సేవల్లో వినియోగదారులను కాపాడే ఫెడరల్ సంస్థ కన్స్యూమర్ ఫైనాన్షియల్ ప్రొటెక్షన్ బ్యూరోకు ఫిర్యాదు చేయవచ్చు. ఉల్లంఘన జరిగిన ఏడాదిలోపు మీరే దావా కూడా వేయవచ్చు. గెలిస్తే జరిగిన నష్టం కాక 1,000 డాలర్ల వరకు పరిహారం, వకీలు ఖర్చులు వారే చెల్లించాలి.