జపాన్‌లో చేతివృత్తుల వస్తువులు కొనే ముందు జాగ్రత్తలు

క్యోటోలో కియోమిజు గుడికి వెళ్లే వీధుల్లో పింగాణీ కప్పులు చూస్తే చెయ్యి ఆగదు. కానీ డబ్బు తీసే ముందు ఇవి చూసుకోండి.

పాస్‌పోర్ట్ వెంట ఉందా? ఒకే షాపులో ఒకే రోజు పన్ను కాకుండా 5,000 యెన్‌లు, ఆపైన కొంటే టూరిస్టులకు 10 శాతం వినియోగ పన్ను మినహాయింపు ఉంది. జిరాక్స్ పనికిరాదు. 2026 నవంబర్ 1 నుంచి ముందు పన్ను కట్టి, దేశం వదిలేటప్పుడు కస్టమ్స్ తనిఖీ అయ్యాక వెనక్కి తీసుకోవాలి. కాబట్టి వస్తువులు, రసీదులు చేతికి అందేలా సర్దుకోండి.

ఇనుప టీ పాత్రల దగ్గరే ఎక్కువమంది పొరబడతారు. ఉత్తర జపాన్‌లోని మొరియోకా వైపు చేసే నాంబు ఇనుప సామానులో రెండు రకాలున్నాయి. తెత్సుబిన్ అనే కెటిల్‌లో నీళ్లు మరిగించవచ్చు. క్యూసు అనే టీపాట్ లోపల ఎనామెల్ పూత ఉంటుంది, దాన్ని పొయ్యి మీద పెడితే పూత పాడవుతుంది. ఏది కావాలో షాపులోనే అడగండి. తెత్సుబిన్‌ను మన ఇనుప బాణలిలా ఎప్పటికప్పుడు ఆరబెట్టాలి, లోపల మాత్రం తోమకూడదు.

లక్క గిన్నె చెక్కదా, ప్లాస్టిక్‌దా? లేబుల్ మీద ఉంటుంది, ట్రాన్స్‌లేషన్ యాప్‌తో చదవండి. అసలు ఉరుషి లక్క (చెట్టు పాలతో చేసేది) మైక్రోవేవ్‌కు, ఎండకు తట్టుకోదు.

కత్తి కొంటే తప్పకుండా చెక్-ఇన్ బ్యాగులోనే. కార్బన్ స్టీలైతే తుప్పు పడుతుంది, మన వంటింటికి స్టెయిన్‌లెస్సే నయం.

మిఠాయిలు ఆఖరి రోజు కొనండి. నామా యత్సుహాషి అనే మెత్తటి క్యోటో మిఠాయి ఎక్కువ రోజులు నిలవ ఉండదు. శాకాహారులు జెలటిన్, చేపల రసం ఉన్నాయేమో చూసుకోవాలి.

షాపులో ఫొటో తీసే ముందు అడగండి. పెళుసు వస్తువును రెండు చేతులతో పట్టుకోండి.