సైకిలు హబ్బును విప్పి చూసి, ఏ భాగం నిలుస్తుందో ఏది పారేయాలో తేల్చుకోవడం ఎలా?

గోదావరి డెల్టాలో సైకిలు చక్రానికి హాని చేసేది దూరం కన్నా ఎక్కువగా నీరు. సైకిలును కాలువ రేవులో దింపి కడగడం, వరద రోజుల్లో నీట మునిగిన కాజ్‌వేల మీదుగా లంక గ్రామాలకు నడిపించుకుపోవడం, అంతర్వేది వైపు తీరంలో ఉప్పుగాలి, వీటన్నింటికీ తోడు వెనుక క్యారియరు మీద అరటి గెలలో కొబ్బరికాయల బస్తాలో ఉంటాయి. చక్రం గరగరమనగానే హబ్బు (చక్రం మధ్యలో ఇరుసు చుట్టూ తిరిగే భాగం) మొత్తం మార్చేయాలని అనుకోనక్కర్లేదు. హబ్బులో ముఖ్యంగా అరిగేది బాల్సు (ఉక్కు గుండ్లు) దొర్లే దారి. ఆ దారి ఉన్న భాగం విడిగా ఊడివస్తుందా, ఊడితే దాని జోడీ దగ్గరి పట్టణంలో దొరుకుతుందా అనే రెండు ప్రశ్నలకు జవాబు తెలిస్తే మిగతా నిర్ణయం సులువు.

ముందుగా చక్రాన్ని విప్పకుండానే పరీక్షించాలి. సైకిలును ఎత్తి పట్టుకుని, రిమ్మును బ్రేకు దగ్గర రెండు వేళ్లతో పట్టి పక్కలకు ఊపినప్పుడు టక్కుమని ఆడితే కోను (ఇరుసు మీద బిగించి, బాల్సును లోపలివైపు నుంచి ఆనే భాగం) వదులైందని అర్థం. ఆడకుండా, తిప్పినప్పుడు గరుకుగా తగిలితే లోపల ఇసుకో తుప్పో చేరింది, లేదా దారి గుంటలు పడింది. వదులును బిగించి సరిచేయవచ్చు, గరుకు మాత్రం విప్పితేనే తెలుస్తుంది. వరద నీటిలో రాత్రంతా నిలిచిన చక్రానికి ఏ లక్షణమూ కనిపించకపోయినా ఆ వారంలోనే విప్పడం మంచిది. పైనుంచి పోసిన నూనె లోపలి గ్రీజును పల్చబరుస్తుందే గాని నీటిని బయటికి పంపదు.

ఇక హబ్బు ఏ రకమో చూడాలి. పాత తరహా నల్ల సైకిళ్లలోనూ, చాలా గేరు సైకిళ్లలోనూ ఇరుసు మీద లాక్‌నట్టు, దాని కింద పల్చటి పానా పట్టే అంచులున్న కోను కనిపిస్తాయి; హబ్బులో బాల్సు కూర్చునే గిన్నెలాంటి భాగం కప్పు, అందుకే ఇది కోను–కప్పు రకం. కోను లేకుండా, ఇరుసు చుట్టూ రబ్బరు మూతతో గుండ్రటి బేరింగు కనిపిస్తే అది సీల్డ్ బేరింగు రకం.

కోను–కప్పు రకాన్ని విప్పేటప్పుడు వెనుక చక్రంలో చైను వైపు లాక్‌నట్టును కదపకూడదు. అటు కోను ఉన్నచోటే ఉంటే, తిరిగి బిగించినప్పుడు చక్రం మళ్లీ మధ్యకే వస్తుంది. రెండో వైపు లాక్‌నట్టును, వాషరును, కోనును వరుసగా తీసి, కింద స్టీలు పళ్లెం పెట్టి ఇరుసును మెల్లగా లాగాలి. ఏ వైపు నుంచి ఎన్ని బాల్సు వచ్చాయో వెంటనే లెక్కపెట్టి కాగితం మీద రాసుకోవాలి. సాధారణంగా వెనుక చక్రంలో పావు అంగుళం బాల్సు వైపుకు 9, ముందు చక్రంలో 3/16 అంగుళం బాల్సు వైపుకు 10 ఉంటాయి. అయినా మీ హబ్బు నుంచి వచ్చిన లెక్కనే నమ్మాలి, ఎందుకంటే ఇదివరకు విప్పినవారు ఒకటి పోగొట్టి ఉండవచ్చు, ఖాళీ కనిపించిందని ఒకటి ఎక్కువ దూర్చి ఉండవచ్చు. వరుసలో దాదాపు ఒక బాలు పట్టేంత సందు ఉండటమే సరైనది.

బయటికి వచ్చిన గ్రీజు తెల్లబడి ఉంటే నీరు చేరిందని తెలుసుకోవాలి. అన్నింటినీ కిరోసిన్‌తో, అది దొరకకపోతే డీజిలుతో కడిగి, తడి లేకుండా తుడిచిన తర్వాత అసలు పరీక్ష మొదలవుతుంది. కోను దారి మీద అద్దంలా మెరిసే సన్నటి వలయం ఉంటే అది మామూలు అరుగుదల, దాన్ని వాడుకోవచ్చు. ఎండలో పట్టి చూసినా తేలకపోతే బాల్‌పెన్ను మొనను ఆ వలయం మీదుగా మెల్లగా జరపాలి. కంటికి ఆనని గుంట కూడా పెన్నును ఆపి చేతికి తెలియజేస్తుంది. గుంటలు ఎక్కువగా కోను అడుగు భాగంలోనే కనిపించడానికి కారణం ఉంది. కోను తిరగదు కనుక మనిషి బరువూ గెలల బరువూ ఎప్పుడూ దాని ఒకే భాగం మీద పడతాయి. కప్పు చక్రంతో పాటు తిరుగుతుంది కనుక ఆ బరువును చుట్టూ పంచుకుంటుంది. అందువల్ల సాధారణంగా కోను ముందు పోతుంది, కప్పు ఆలస్యంగా పోతుంది. విడిగా దొరికేది కూడా కోనే కావడం మన అదృష్టం.

ఇరుసును గ్రానైటు గట్టు మీద దొర్లించి, కొసలు ఎగిరిపడుతున్నాయేమో చూడాలి. వంగిన ఇరుసును సుత్తితో సరిచేయించుకోవడం నాకు సమ్మతం కాదు, అది మళ్లీ అక్కడే వంగుతుంది. పాత ఇరుసునూ కోనులనూ వెంట తీసుకెళ్లి, మందమూ పొడవూ మరా సరిపోయేవే కొనాలి. బాల్సు మాత్రం ఎంత బాగా కనిపించినా మొత్తం మార్చాలి. కొత్తవీ పాతవీ కలిపితే పెద్దగా ఉన్నవాటి మీదే బరువంతా పడుతుంది.

కప్పు గుంటలు పడితే మాత్రం కొంచెం ఆలోచించాలి. కొన్ని హబ్బుల్లో కప్పు విడిగా నొక్కి కూర్చిన భాగం. దాని అంచున సన్నటి అతుకు గీత కనిపిస్తే, పాతదాన్ని తట్టి తీసి కొత్తది దింపగల మెకానికు ఉన్నాడేమో అడగాలి. అతుకు లేకుండా హబ్బు ఒళ్లే కప్పుగా మలిచి ఉంటే ఆ హబ్బు పని అయిపోయినట్టే. కొత్త హబ్బు కొనేముందు స్పోకులు దూర్చే రంధ్రాలు లెక్కపెట్టాలి. పాత నల్ల సైకిళ్లలో సాధారణంగా ముందు 32, వెనుక 40 ఉంటాయి, మరికొన్నింటిలో రెండింటికీ 36 ఉంటాయి. లెక్క తప్పితే రిమ్ము కూడా మార్చాల్సి వస్తుంది.

తిరిగి కూర్చేటప్పుడు నీటికి తట్టుకునే గ్రీజును కప్పు నిండా పెట్టి, అందులో బాల్సు పేర్చి, ఇరుసును దించాలి. కోనును చేత్తో తగిలేదాకా తిప్పి, పావు చుట్టు వెనక్కి తీసి, దాన్ని కోను పానాతో కదలకుండా పట్టుకుని లాక్‌నట్టు బిగించాలి. లాక్‌నట్టు బిగింపుకు కోను కొంచెం లోపలికి జరుగుతుంది కనుక ఒక్కసారికి సరిగా కుదరదు. ఆట (వదులు కదలిక) పోయి, ఇరుసు వేళ్లతో నునుపుగా తిరిగేదాకా మళ్లీ మళ్లీ సవరించాలి. హబ్బు మధ్యలో నూనె రంధ్రం ఉంటే దాని రేకు మూత బిగువుగా ఉందో లేదో చూడాలి. వదులు మూత గుండా కాలువ నీరు నేరుగా లోపలికి పోతుంది.

సీల్డ్ రకంలో బేరింగు పారేసేదే, హబ్బు నిలిచేది. బేరింగు అంచున ఉన్న అంకెను రాసుకుని రాజమండ్రిలోనో కాకినాడలోనో బేరింగుల దుకాణంలో అడగవచ్చు. 6001 అంటే లోపలి వ్యాసం 12, బయటి వ్యాసం 28, మందం 8 మిల్లీమీటర్లు. సీలింగు ఫ్యానుకు వాడే 6201కి లోపలి వ్యాసం అంతే అయినా బయటి వ్యాసం 32 కనుక అది పట్టదు. అంకె పక్కన 2ఆర్‌ఎస్ అని ఉన్నదే తీసుకోవాలి, దానికి రెండు వైపులా రబ్బరు మూతలు ఉంటాయి. జడ్‌జడ్ అంటే రేకు మూతలు, అవి ధూళిని ఆపినంతగా నీటిని ఆపవు. పాతదాన్ని తట్టి తీసేటప్పుడు దెబ్బ లోపలి వలయం మీదే పడుతుంది కనుక తీసినదాన్ని తిరిగి వాడకూడదు. కొత్తదాన్ని ఎక్కించేటప్పుడు బయటి వలయానికి మాత్రమే ఆనే సాకెట్టునో గొట్టం ముక్కనో పెట్టి నిదానంగా, వాలకుండా దింపాలి. లోపలి వలయం మీద కొడితే కొత్త బేరింగు మొదటి రోజే గరుకెక్కుతుంది.

ఫ్రీవీలును (వెనుక చక్రం మీద చైను పట్టే పళ్ల చక్రాన్ని) విప్పి బాగుచేయడం శ్రమకు తగిన పని కాదు. కడిగి, పల్చటి నూనె వేసి చూడాలి. చిక్కటి గ్రీజు పెడితే లోపలి కొక్కేలు అతుక్కుని పెడలు ఖాళీగా తిరుగుతుంది. నూనె వేసినా జారుతుంటే కొత్తది వేయించుకోవాలి.

బిగించిన చక్రాన్ని నాలుగైదు రోజులు బరువు లేకుండా నడిపి, రిమ్మును పట్టి మళ్లీ ఊపి చూడాలి. కొత్త కోనులు కుదురుకున్నాక కొంచెం ఆట రావడం మామూలే. దాన్ని అప్పుడే తీసేసి, ఆ తర్వాతే క్యారియరు మీద గెలలు ఎక్కించాలి.