తక్కువ సీసాలతో శుభ్రమైన ఇల్లు – 2వ పాఠం: పులుపు ఒకవైపు, సోడా ఒకవైపు

పోయిన పాఠంలో ఇంట్లోని మురికిని రెండు పట్టీలుగా రాయమన్నాం. మొదటి పట్టీలో కుళాయి మీద తెల్లగార, కెటిల్ అడుగున గట్టిపడిన పొర, అద్దం మీద ఆరిపోయిన నీటి చుక్కల మచ్చలు. రెండో పట్టీలో పొయ్యి చుట్టూ పేరుకున్న జిడ్డు, ఎగ్జాస్ట్ ఫ్యాన్ రెక్కలు, చెత్తడబ్బా లోపల పట్టిన జారుడు పొర. ఆ కాగితం దగ్గర పెట్టుకోండి. మొదటి పట్టీ పులుపుకు లొంగుతుంది, రెండోది సోడాకు లొంగుతుంది. బాత్రూం గోడ మీది సబ్బు గారను ఎటు రాయాలో తేలక మధ్యలో వదిలేసినవారు సరిగ్గానే చేశారు. దాని సంగతి చివర్లో చూద్దాం.

ఈ వారం కావలసినవి: 5 శాతం వెనిగర్, నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్), వంటసోడా, చాకలి సోడా, గిన్నెలు తోమే లిక్విడ్, గ్రాముల్లో తూచే చిన్న త్రాసు, రబ్బరు గ్లవ్స్, చిటికెడు పసుపు. చెంచాలతో కొలిచినా పని నడుస్తుంది. కానీ ఒక్కో పొడి బరువు ఒక్కోలా ఉంటుంది కాబట్టి మొదటి నెల తూచే అలవాటు చేసుకుంటే మంచిది.

పొంగు చూసి మోసపోవద్దు

వెనిగర్‌లో వంటసోడా వేస్తే బుసబుసమని పొంగుతుంది. ఏదో గట్టి పని జరుగుతున్నట్టే కనిపిస్తుంది. ఇంటి చిట్కాలన్నిటిలోకీ ఎక్కువగా ప్రచారమైనది ఇదే, పనికి అతి తక్కువగా వచ్చేదీ ఇదే.

లెక్క వేసి చూడండి. 100 మిల్లీలీటర్ల వెనిగర్‌లో ఉండే ఎసిటిక్ ఆమ్లం సుమారు 5 గ్రాములు. దాన్ని పూర్తిగా విరిచేయడానికి 7 గ్రాముల వంటసోడా చాలు, అంటే తలకొట్టిన టీ చెంచాతో ఒకటిన్నర. పొంగు తగ్గాక గిన్నెలో మిగిలేది సోడియం ఎసిటేట్ అనే ఉప్పు కలిసిన నీళ్లు. ఆ నీళ్లకు గారను కరిగించే పులుపూ లేదు, జిడ్డును విడదీసే క్షారమూ లేదు. డబ్బు పెట్టి కొన్న రెండు వస్తువులు ఒకదాన్నొకటి తినేశాయి.

పైగా ఆ కొద్దిపాటి మిశ్రమం నుంచి దాదాపు 2 లీటర్ల కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. ఈ రెండూ కలిపి సీసాలో పోసి మూత బిగిస్తే సీసా పగలవచ్చు. కలిపి నిల్వ చేసుకోమనే చిట్కా ఎక్కడ కనిపించినా పక్కన పెట్టేయండి.

మూసుకుపోయిన సింకు పైపులో ఈ రెండూ పోయడం కూడా అలాంటిదే. బుడగలు అడ్డంకిని కదిలించేంత బలంగా ఉండవు, సులువుగా ఉన్న దారిలో పైకి వచ్చేస్తాయి. వెంట్రుకల ఉండ అయితే కొక్కెంతో లాగాలి, లేదా ప్లంజర్‌తో నొక్కాలి. జిడ్డు అయితే వేడి చాకలి సోడా నీళ్లు పోయాలి. పీవీసీ పైపుల్లో మాత్రం సలసల మరిగే నీళ్లు పోయకండి. వేడికి పైపు మెత్తబడి అతుకులు వదులవుతాయి. 60 డిగ్రీలు దాటని నీళ్లు చాలు.

రెండు సోడాలు, రెండు బలాలు

ఏది ఎంత పులుపో, ఎంత క్షారమో చెప్పే పీహెచ్ కొలమానాన్ని డెన్మార్క్ రసాయన శాస్త్రవేత్త సోరెన్సెన్ 1909లో ప్రతిపాదించాడు. 7 దగ్గర తటస్థం, కిందికి పోతే ఆమ్లం, పైకి పోతే క్షారం. ఒక్కో అంకెకు బలం పది రెట్లు మారుతుంది. వెనిగర్ 2.5 దగ్గర ఉంటుంది. వంటసోడా నీళ్లు 8.3 దగ్గర ఆగిపోతాయి, ఇంకెంత సోడా వేసినా పెద్దగా పైకి పోవు. చాకలి సోడా నీళ్లు 11 దాటుతాయి. అంటే క్షారబలంలో ఈ రెంటి మధ్య తేడా వందల రెట్లు. ముదిరిన జిడ్డును వంటసోడాతో రుద్దీ రుద్దీ చేతులు నొప్పెట్టడానికి కారణం ఇదే.

అయితే వంటసోడా పనికిరానిదేమీ కాదు. దాని పని రుద్దడం. దాని పలుకులు గాజు కంటే చాలా మెత్తన. కొద్దిగా తడిపి ముద్ద చేసి రుద్దితే కప్పు లోపలి టీ మరక పోతుంది, గీత పడదు. ముద్ద కావాలంటే మూడు వంతుల సోడాకు ఒక వంతు నీళ్లే పోయాలి. నీళ్లు ఎక్కువైతే పలుకులు కరిగిపోయి రుద్దే గుణం పోతుంది.

చాకలి సోడా కొనేటప్పుడు ఒక్కటి గమనించాలి. అది రెండు రూపాల్లో దొరుకుతుంది. గాజు ముక్కల్లా మెరిసే స్ఫటికాల బరువులో 37 శాతమే అసలు సోడా, మిగతాదంతా నీళ్లు. తెల్లటి పొడి రూపంలో దాదాపు అంతా సోడాయే. పాఠంలో కొలతలన్నీ పొడికి ఇస్తున్నాం. మీ దగ్గర స్ఫటికాలుంటే 2.7తో హెచ్చవేయండి, 20 గ్రాముల పొడికి బదులు 54 గ్రాముల స్ఫటికాలు. తెరిచి ఉంచిన స్ఫటికాలు గాలికి నీళ్లు కోల్పోయి పైన తెల్లగా పొడిబారతాయి. పాడైనట్టు కాదు, బరువుకు బలం పెరిగినట్టు.

చాకలి సోడా దొరకకపోతే వంటసోడా నుంచే చేసుకోవచ్చు. స్టీలు లేదా గాజు ట్రేలో (అల్యూమినియం వద్దు) పల్చగా పరిచి ఓవెన్‌లో 200 డిగ్రీల దగ్గర గంటసేపు ఉంచాలి. నీటి ఆవిరి, కార్బన్ డయాక్సైడ్ పోయి 100 గ్రాములు 63 గ్రాములవుతాయి. తూచినప్పుడు 75 వస్తే ఇంకా మూడింట రెండు వంతుల పనే అయిందని అర్థం, కలిపి మళ్లీ పెట్టండి. తీసేటప్పుడు దుమ్ము లేపకండి, ముక్కూ గొంతూ మండుతాయి.

సాధన 1: కెటిల్

1. లీటరు నీళ్లలో 30 గ్రాముల నిమ్మ ఉప్పు కరిగించి కెటిల్‌లో పోయండి.
2. చెయ్యి పెట్టలేనంత వేడెక్కగానే ఆపేయండి. మరగనివ్వవద్దు.
3. అరగంట వదిలి పారబోసి, మెత్తటి స్పాంజితో తుడవండి.
4. మంచి నీళ్లు ఒకసారి మరిగించి పారబోశాక వాడుకోండి.

మరిగిస్తే ఏమవుతుంది? గారలోని కాల్షియం, సిట్రిక్ ఆమ్లంతో కలిసి కాల్షియం సిట్రేట్ అవుతుంది. చాలా లవణాలకు భిన్నంగా ఇది వేడి నీళ్లలో తక్కువ కరుగుతుంది. పాత గార పోయి దాని బదులు తెల్లటి కొత్త పొడి అతుక్కుంటుంది. అలా జరిగితే చల్లటి నిమ్మ ఉప్పు నీళ్లు కొత్తగా కలిపి రాత్రంతా ఉంచండి.

వెనిగర్‌తోనూ గార పోతుంది, కానీ దాని శక్తి తక్కువ. 10 గ్రాముల గార కరగాలంటే లెక్క ప్రకారమే కనీసం 240 మిల్లీలీటర్ల వెనిగర్ ఖర్చవుతుంది. నిమ్మ ఉప్పయితే 13 గ్రాములు. పైగా వాసన ఉండదు, సీసాల బరువు మోయక్కర్లేదు. గార మీద బుడగలు రావడం ఆగిపోయి గార ఇంకా మిగిలే ఉంటే పులుపు అయిపోయిందని అర్థం. ఆ నీళ్లతోనే ఇంకాసేపు ఉంచితే లాభం లేదు, కొత్తగా కలపాలి.

కుళాయికి సగం లీటరు నీళ్లలో 15 గ్రాములు కలిపి, గుడ్డ తడిపి చుట్టి 20 నిమిషాలు ఉంచండి. రాత్రంతా చుట్టి ఉంచితే మెరుగు పూత దెబ్బతినవచ్చు. స్ప్రే సీసా వాడాలనుకుంటే గుడ్డ మీద కొట్టుకోండి, గాల్లోకి కాదు. సన్నటి పుల్లటి తుంపర ఊపిరితిత్తుల్లోకి పోవడం ఏ ఆరోగ్య సూత్రం కిందకీ రాదు.

పులుపు తగలకూడనివి: పాలరాయి, సున్నపురాయి, సిమెంటు, టైల్స్ మధ్య సిమెంటు పూత. వీటిలోనూ గారలోనూ ఉండేది కాల్షియమే. ఆమ్లానికి ఆ రెండిటికీ తేడా తెలియదు. పాలరాయి మీద పడిన మసక మచ్చ మురికి కాదు, రాయి కరిగిన గుర్తు. దాన్ని కడిగి పోగొట్టలేం, పాలిష్ పట్టించాల్సిందే.

సాధన 2: జిడ్డు జాలీ

ఎగ్జాస్ట్ జాలీని ముందు అయస్కాంతంతో పరీక్షించండి. అంటుకుంటే స్టీలు, చాకలి సోడాలో వేయవచ్చు. అంటుకోకపోతే అల్యూమినియం కావచ్చు, కొన్ని రకాల స్టీలూ కావచ్చు. తేల్చుకోలేకపోతే గిన్నెల లిక్విడ్‌తోనే కడగండి. చాకలి సోడా అల్యూమినియాన్ని తినేసి నల్లగా, మసకగా చేస్తుంది. పాత మెరుపు తిరిగి రాదు.

స్టీలు జాలీ అయితే గ్లవ్స్ వేసుకుని, 50–60 డిగ్రీల నీళ్లు లీటరుకు 20 గ్రాముల చాకలి సోడా పొడి చొప్పున కలిపి అరగంట ముంచండి. నీళ్లు పసుపు గోధుమ రంగుకు తిరుగుతాయి. పాతబడిన జిడ్డులో విడిపోయిన కొవ్వు ఆమ్లాలుంటాయి. సోడా వాటిని అక్కడికక్కడే సబ్బుగా మారుస్తుంది, ఆ సబ్బు మిగతా జిడ్డును లాక్కెళ్తుంది. అందుకే చల్లనీళ్లు పోసి ఐదు నిమిషాలకే తీసేస్తే ఏమీ జరగదు. వేడి, సమయం రెండూ ఉండాలి. నూనె ఏళ్ల తరబడి వేడికి ఎండి వార్నిష్‌లా గట్టిపడిన చోట రెండు మూడు సార్లు ముంచక తప్పదు.

కడిగి ఆరబెట్టాక జాలీ మీద తెల్లటి పలుచని పొర కనిపిస్తే కంగారు పడకండి. మీ నీళ్లు గట్టి నీళ్లు, వాటిలోని కాల్షియాన్ని సోడా విడగొట్టింది. ఇప్పుడు పులుపు వంతు. కొద్దిగా నిమ్మ ఉప్పు కలిపిన నీళ్లతో ఒకసారి తొలవండి. పులుపు, సోడా ఒకే చోట వాడేది ఇలాగే: ముందు సోడా, మధ్యలో బాగా కడగడం, ఆ తర్వాత పులుపు.

రంగు వేసిన గోడలు, పాలిష్ చేసిన చెక్క, ఉన్ని, పట్టు మీద చాకలి సోడా వాడకండి.

ఇప్పుడు సబ్బు గార

గట్టి నీళ్లలోని కాల్షియం సబ్బుతో కలిసి కరగని ముద్దగా గోడకు అతుక్కుంటుంది. అందులో గారా ఉంది, కొవ్వూ ఉంది. 3 శాతం నిమ్మ ఉప్పు నీళ్లతో (సగం లీటరుకు 15 గ్రాములు) తడిపి 15 నిమిషాలు ఉంచితే కాల్షియం విడిపోయి జిడ్డు కొవ్వు ఆమ్లం మిగులుతుంది. ఇక్కడితో ఆపేసినవాళ్లే గోడ ఇంకా జిడ్డుగా ఉందని ఫిర్యాదు చేస్తారు. నీళ్లతో కడిగి, గిన్నెల లిక్విడ్ వేసిన స్పాంజితో రుద్దితేనే పని పూర్తవుతుంది. మధ్యలో పులుపు తగలకూడని సిమెంటు అతుకులుంటాయి కాబట్టి ముందే వాటిని నీళ్లతో తడపండి, పులుపు లోపలికి అంతగా ఇంకదు.

ఇదే కారణంగా సబ్బు నీళ్లలో వెనిగర్ కలిపి క్లీనర్ చేసుకోవడం కూడా వృథా. సబ్బు విరిగి పాలు విరిగినట్టు తెల్ల పలుకులు తేలుతాయి. గిన్నెల లిక్విడ్ మాత్రం మామూలుగా డిటర్జెంట్, అది అలా విరగదు.

ఒక్క నిషేధం

క్లోరిన్‌ను 1774లో తయారు చేసిన షీలే అనే రసాయన శాస్త్రవేత్తే 1784లో నిమ్మరసం నుంచి సిట్రిక్ ఆమ్లాన్ని స్ఫటికాలుగా తీశాడు. ఈ రెండూ మీ బాత్రూంలో కలవకూడదు. క్లోరిన్ బ్లీచ్‌కు ఏ ఆమ్లం తగిలినా, అది వెనిగరైనా, నిమ్మ ఉప్పయినా, టాయిలెట్ క్లీనరైనా, విషవాయువైన క్లోరిన్ విడుదలవుతుంది. అమ్మోనియా ఉన్న క్లీనర్‌తో కలిస్తే క్లోరమైన్లు వస్తాయి, అవీ ప్రమాదమే. పొరపాటున కలిస్తే విరిచేద్దామని ఇంకేదీ పోయకండి. వెంటనే బయటికి వచ్చేయండి, దారిలో ఉన్న కిటికీలు తెరవండి. ఊపిరి అందకపోయినా, దగ్గు ఆగకపోయినా ఆస్పత్రికి వెళ్లాలి.

ఇంకో మాట. వెనిగర్‌ను క్రిమిసంహారిణిగా నమ్ముకోవద్దు. రోజువారీ శుభ్రతకు మురికి తొలగితే చాలు. ఇంట్లో ఎవరికైనా వాంతులు, విరేచనాలు ఉన్నప్పుడు మాత్రం అసలైన క్రిమిసంహారిణిని, లేబుల్ మీద చెప్పిన కొలతకూ సమయానికీ వాడండి.

ఇంటిపని

పసుపును కొద్ది నీళ్లలో కలిపి తెల్ల కాగితం మీద పూసి ఆరబెట్టి, వేలెడు ముక్కలు కోయండి. ఒకదాని మీద వంటసోడా నీళ్లు, ఇంకోదాని మీద చాకలి సోడా నీళ్లు ఒక్కో చుక్క వేసి ఎరుపు ఎంత తేడాగా వచ్చిందో చూడండి. ఎర్రబడిన చోట వెనిగర్ చుక్క వేస్తే మళ్లీ పసుపు రంగు వస్తుంది. మిగిలిన ముక్కలు దాచుకోండి. సోడాతో కడిగిన జాలీని తొలిచాక తడి మీద ఒక ముక్క అద్దండి. ఎర్రబారితే సోడా ఇంకా మిగిలి ఉంది, మళ్లీ కడగాలి.

ఆ తర్వాత సింకు కింద ఉన్న సీసాలన్నీ బయట పెట్టి, ప్రతి లేబుల్ మీద ఆమ్లమా, క్షారమా, బ్లీచా అన్నది వెతికి పట్టీ రాయండి. బ్లీచ్ ఉన్నవాటిని ఈ రోజే వేరే అరకు మార్చండి. వచ్చే పాఠం బట్టల మరకలు, సోడియం పెర్‌కార్బనేట్ గురించి. ఆ పొడిని నీళ్లలో కలిపి మూత బిగించకూడదు. ఎందుకో ఈ పాఠంలోని 2 లీటర్ల గ్యాస్ లెక్క చూసి ఊహించి రాసుకురండి.