ఎయిర్ ప్యూరిఫయర్ కొనేముందు టేపు తీసుకుని పడగ్గది కొలవండి

మూడేళ్ల కిందట ఆన్‌లైన్ సేల్‌లో సగం ధరకే వస్తోందని ఒక ఎయిర్ ప్యూరిఫయర్ కొన్నాను. చూడ్డానికి ముచ్చటగా, చేతిలో పట్టేంత చిన్నగా ఉండేది. హాల్లో టీవీ పక్కన పెట్టాం. వంటింట్లో పోపు వేసినప్పుడల్లా దాని లైటు ఎర్రబడేది. పావుగంట హోరుమని తిరిగి, దానంతటదే ఊరుకునేది. "దీనికి ఎండుమిరపకాయలు పడవేమోరా" అనేది మా అమ్మ. ఏడాది తిరిగేసరికి ఫిల్టరు మార్చమని గుర్తు వెలిగింది. వెతికితే ఆ మోడల్ ఫిల్టర్లు అమ్మడమే మానేశారు. ఇప్పుడది బాల్కనీలో తులసి కుండీకి పీటగా పనికొస్తోంది. రెండోసారి కొనేటప్పుడు ఏమేం చూశానో, ఏ వరసలో చూశానో ఇక్కడ రాస్తున్నాను.

1. మీకు అవసరమా?

జూన్ నుంచి సెప్టెంబరు దాకా మన ఊళ్లలో వాన గాలిని కడిగేస్తూనే ఉంటుంది. ఆ నాలుగు నెలలు తెరిచిన కిటికీని మించిన యంత్రం లేదు. కార్తీకం దాటి చలి ముదిరాక సంగతి మారుతుంది. రాత్రుళ్లు నేల దగ్గర గాలి చల్లబడుతుంది, దానిమీద వెచ్చటి గాలి పొర మూతలా కూర్చుంటుంది. బండ్ల పొగ, చెత్త కాల్చిన పొగ ఆ మూత కిందే తిరుగుతూ ఉంటాయి. అందుకే జనవరిలో తెల్లవారుజామున నడకకు వెళ్తే గొంతు గరగరలాడుతుంది, మధ్యాహ్నం అదే వీధి బాగానే ఉంటుంది. భోగి నాటి ఉదయం గురించి చెప్పక్కర్లేదు.

కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి వారి 'సమీర్' యాప్‌లో మీకు దగ్గరగా ఉన్న స్టేషన్ వెతకండి. హైదరాబాద్‌లో సనత్‌నగర్, జూపార్క్, సెంట్రల్ యూనివర్సిటీ లాంటి చోట్ల ఉన్నాయి. విజయవాడ, విశాఖ, తిరుపతి, రాజమహేంద్రవరంలోనూ ఉన్నాయి. ఓ వారం పాటు పొద్దున, మధ్యాహ్నం, రాత్రి అంకెలు రాసుకోండి. చూడాల్సింది పీఎం 2.5. అంటే 2.5 మైక్రాన్లు, అంతకంటే సన్నగా ఉండే ధూళి. తలవెంట్రుక మందంలో ఇరవయ్యో వంతో, ముప్పయ్యో వంతో ఉంటుంది. ముక్కులో ఆగదు, ఊపిరితిత్తుల అడుగుదాకా పోతుంది.

ఇక్కడే చాలామంది తికమకపడతారు. ఒక యాప్‌లో ఏక్యూఐ (గాలి ఎంత పాడయిందో చెప్పే సూచీ) 100 అని, ఇంకో యాప్‌లో 150 పైన అని కనిపిస్తుంది. ఏదీ అబద్ధం కాదు. ఘనపు మీటరు గాలిలో పీఎం 2.5 అరవై మైక్రోగ్రాములు ఉంటే మన దేశపు లెక్కలో ఏక్యూఐ 100, అమెరికా లెక్కలో 150 దాటుతుంది. కొలబద్ద వేరు, గాలి అదే. కాబట్టి ఏక్యూఐని వదిలేసి మైక్రోగ్రాముల అంకె (µg/m³ అని ఉండేది) చూడండి. 24 గంటల సగటు 60 మించకూడదని మన జాతీయ ప్రమాణం, 15 మించకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో ఇచ్చిన సూచన. నా మటుకు నేను పెట్టుకున్న గీత ఇది: చలికాలంలో తరచూ 60 దాటుతుంటే ఎవరైనా కొనుక్కోవచ్చు. ఇంట్లో ఆస్తమా ఉన్నవాళ్లో, పసిపిల్లలో, గుండెజబ్బున్న పెద్దవాళ్లో ఉంటే 30 దాటుతున్నా కొనడం మేలు. అయితే ఏ యంత్రమూ ఇన్‌హేలర్‌కు బదులు కాదు. డాక్టరు రాసిన మందు మానకూడదు.

2. డబ్బు పెట్టకముందు పొగ ఆపండి

మూసిన గదిలో దోమల కాయిల్ వెలిగించి, పక్కనే ప్యూరిఫయర్ పెట్టడమంటే కుళాయి తిప్పి వదిలేసి నేల తుడవడమే. ఒక కాయిల్ మొత్తం కాలితే వచ్చే సన్నని ధూళి 75 నుంచి 137 సిగరెట్ల పొగతో సమానమని 2003లో వచ్చిన ఒక పరిశోధనలో తేలింది. ఆ డబ్బుతో ముందు కిటికీలకు దోమల మెష్ వేయించుకోండి. దేవుడి దగ్గర ఒక బత్తి చాలు, గుప్పెడు అక్కర్లేదు (ఈ వాదన మా ఇంట్లో ఇంకా నడుస్తోంది). సాంబ్రాణి వేసినరోజు కిటికీలు తెరిచి ఉంచండి. వంటింటి పొగకు చిమ్నీ, ఎగ్జాస్ట్ ఫ్యానే మందు. చిమ్నీ గొట్టం గోడ బయటికి వెళ్తోందో లేదో చూడండి, కొన్ని మోడళ్లు గాలిని వడకట్టి మళ్లీ వంటింట్లోకే వదులుతాయి.

పక్కన అపార్ట్‌మెంట్ కడుతున్నారని, టీపాయ్ మీద వేలితో పేరు రాయొచ్చనీ బాధపడేవాళ్లు ఇంకోటి తెలుసుకోవాలి. కంటికి కనిపించే ఆ దుమ్ము బరువైంది. యంత్రం లాక్కునేలోపే కింద పడిపోతుంది. విశాఖ వన్‌టౌన్‌లో కిటికీ చువ్వల మీద పేరుకునే బొగ్గు నలుపు సంగతీ ఎక్కువభాగం ఇదే. దానికి తడిగుడ్డే దిక్కు. ప్యూరిఫయర్ పనిచేసేది కంటికి కనిపించని ధూళి మీద.

గదిలో మొక్కలు పెడితే గాలి శుభ్రమవుతుందన్న మాటకు మూలం 1989 నాటి నాసా ప్రయోగం. అది చిన్న సీలు వేసిన పెట్టెల్లో చేసింది. మన గదిలో అంత ఫలితం రావాలంటే అడుగు పెట్టే చోటు లేకుండా కుండీలు పెట్టాలి. మొక్కలు అందం కోసం పెంచుకోండి.

3. గది కొలిచి ఒక గుణకారం చేయండి

మొదట హాలు సంగతి మర్చిపోండి. హాలు, భోజనాల చోటు, వంటిల్లు కలిసిపోయి ఉండే మన ఫ్లాట్లలో అక్కడ పెట్టిన చిన్న యంత్రం చెరువులో చెంబుతో నీళ్లు తోడినట్టే. రోజుకు ఏడెనిమిది గంటలు ఒకే చోట, తలుపు మూసుకుని గడిపేది పడగ్గదిలో. దానికి కొనండి.

ఇప్పుడు టేపు తీయండి. మా గది 12 అడుగుల పొడవు, 11 అడుగుల వెడల్పు, అంటే 132 చదరపు అడుగులు. ఎత్తు పదడుగులు. గదిలో గాలి మొత్తం గంటకు ఐదుసార్లు ఫిల్టరు గుండా వెళ్తే బాగా శుభ్రపడుతుంది. ఈ లెక్కంతా చేసే బదులు చదరపు అడుగులను ఒకటిన్నరతో గుణించండి, పదడుగుల ఎత్తున్న గదికి అది సరిపోతుంది. మా గదికి 198 వచ్చింది, అంటే సుమారు 200. ఇది గంటకు ఘనపు మీటర్లలో కావలసిన స్వచ్ఛమైన గాలి. పెట్టె మీద దీన్నే సీఏడీఆర్ అని రాస్తారు, క్లీన్ ఎయిర్ డెలివరీ రేట్ అన్నమాట. కొన్ని కంపెనీలు నిమిషానికి ఘనపుటడుగుల్లో ఇస్తాయి. అప్పుడు ఆ అంకెను 1.7తో గుణిస్తే గంటకు ఘనపు మీటర్లు వస్తాయి.

"500 చదరపు అడుగుల దాకా" అని పెద్దక్షరాలతో రాసింది మాత్రం నమ్మకండి. సీఏడీఆర్ 300 ఉన్న యంత్రాన్ని 500 చదరపు అడుగుల గదిలో పెడితే గాలి గంటకు రెండుసార్లే మారుతుంది. అబద్ధమని అనలేం గానీ, ఆస్తమా ఉన్నవాళ్లకు ఆ రెండుసార్లు చాలవు. సీఏడీఆర్ ఎక్కడా రాయని యంత్రమైతే చెయ్యి కూడా వేయొద్దు.

4. రాత్రి ఏ స్పీడులో నడుపుతారు?

అమ్మేవాళ్లు ఎవరూ చెప్పని సంగతి ఇది, నా మొదటి తప్పూ ఇక్కడే. పెట్టె మీద ఉండే సీఏడీఆర్ ఫుల్ స్పీడుది. ఫుల్ స్పీడులో చప్పుడు 50 డెసిబెల్స్ దాటే యంత్రాలే ఎక్కువ, పడుకునేవాళ్లు పది నిమిషాల్లో లేచి తగ్గించేస్తారు. స్లీప్ మోడ్‌లో పెడితే చప్పుడు ఉండదు, కానీ చాలా మోడళ్లలో గాలి కూడా మూడో వంతుకు పడిపోతుంది. 200 కావలసిన గదికి 200 యంత్రం కొంటే రాత్రంతా మీకు అందేది 60, 70. కాబట్టి లెక్కలో వచ్చిన అంకెకు కనీసం ఒకటిన్నర రెట్లు, వీలైతే రెట్టింపు ఉన్నది కొని మధ్యస్థంగా నడపండి. ఫిల్టరులో ధూళి నిండేకొద్దీ గాలి తగ్గుతుంది, అప్పుడూ ఈ మిగులు అక్కరకొస్తుంది. షాపులో చూడగలిగితే మీడియంలో పెట్టించి, పక్కన నిలబడి వినండి. ఫ్యాను చప్పుడుకు అలవాటుపడ్డ చెవులు మనవి, 35 నుంచి 40 డెసిబెల్స్ దాకా చాలామంది సర్దుకుంటారు.

5. లోపల ఏముండాలి, ఏముండకూడదు

ఉండాల్సింది నిజమైన హెపా ఫిల్టరు, అంటే అతి సన్నని ధూళిని కూడా పట్టే పీచుల వడపోత. దానిమీద హెచ్13 అనే గ్రేడు ఉంటే, పట్టుకోవడానికి అన్నిటికన్నా కష్టమైన సైజు కణాల్లోనూ 99.95 శాతాన్ని ఆపుతుంది. ఆ కష్టమైన సైజు 0.3 మైక్రాన్ దగ్గర్లో ఉంటుంది. విచిత్రమేమిటంటే అంతకంటే చిన్నవి సులువుగా చిక్కుతాయి. పెద్ద కణాలు పీచులకు నేరుగా గుద్దుకుంటాయి, మరీ చిన్నవి తాగినవాడిలా అటూ ఇటూ తూలుతూ ఏదో ఒక పీచుకు అంటుకుంటాయి. మధ్య సైజువే తప్పించుకుపోయేవి. 'హెపా టైప్', 'హెపా లైక్' అని రాస్తే ఈ హామీ ఏదీ లేనట్టే.

వాసనలు, పెయింటు ఆవిర్లు హెపాలో ఆగవు. వాటికి యాక్టివేటెడ్ కార్బన్, అంటే వాసనలను పీల్చుకునే ప్రత్యేకమైన బొగ్గు కావాలి. నల్లటి పల్చటి గుడ్డ ఒకటి అతికించి కార్బన్ ఫిల్టరు అంటారు, అది కొద్ది వారాల్లోనే నిండిపోతుంది. గుళికల రూపంలో కొన్ని వందల గ్రాములైనా ఉంటే పనికొస్తుంది. కొత్త ఫర్నిచర్, పెయింటు వాసన బాధ లేనివాళ్లు దీనికోసం ఎక్కువ పెట్టక్కర్లేదు.

గాలికి విద్యుదావేశం ఇచ్చే అయనైజర్, ప్లాస్మా లాంటివి ఉంటే ఆపేసే బటన్ ఉందో లేదో చూడండి. కొన్ని ఓజోన్ పుట్టిస్తాయి, అది ఊపిరితిత్తులకు చెరుపు. ఓజోన్‌తోనే గాలి శుభ్రం చేస్తామనే యంత్రాన్ని ఇంట్లోకి రానివ్వకండి. యూవీ దీపం, వైఫై, రంగుల లైట్లు ఉన్నా లేకపోయినా ఒకటే.

6. ఫిల్టరు ధర అడిగాకే యంత్రం ధర అడగండి

హెపా ఫిల్టరును కడగకూడదు. కడిగితే దాని పని అయిపోయినట్టే. వాడకాన్ని బట్టి ఆరు నెలల నుంచి ఏడాదికి మార్చాలి. ఉదాహరణకు యంత్రం 9,000 ఉండి, ఏటా మార్చే ఫిల్టరు 3,000 అనుకోండి. ఐదేళ్లలో నాలుగు ఫిల్టర్లు, మొత్తం 21,000. యంత్రం 13,000 ఉండి ఫిల్టరు 1,500 అయితే 19,000. చవకది ఏదో ఇప్పుడు చెప్పండి. కొనేరోజే ఆ మోడల్ ఫిల్టరు రెండుమూడు చోట్ల దొరుకుతోందో లేదో వెతకండి. మార్కెట్‌లోకి వచ్చి ఒకటి రెండేళ్లయిన మోడల్ అయితే ఇంకా మంచిది. నా తులసి కుండీ పీట నేర్పిన పాఠం ఇది.

కరెంటు గురించి టెన్షన్ వద్దు. 40 వాట్ల యంత్రం రోజుకు పది గంటలు నడిస్తే నెలకు 12 యూనిట్లు.

7. తెచ్చాక

ముందు ఫిల్టరు మీద ప్లాస్టిక్ కవరు తీయండి. నవ్వకండి, తీయకుండా నెలల తరబడి నడిపినవాళ్లు నాకు తెలుసు.

గోడకు, కర్టెన్‌కు అడుగున్నర ఎడం ఉంచండి. మూలకు నెట్టొద్దు. నడిచేటప్పుడు తలుపు, కిటికీలు మూసి, సీలింగ్ ఫ్యాను తక్కువలో పెట్టండి, గాలి బాగా కలుస్తుంది. స్ప్లిట్ ఏసీ గదిలో గాలినే తిప్పుతుంది కాబట్టి రెండూ కలిసి నడవొచ్చు. కానీ ప్యూరిఫయర్ కార్బన్ డయాక్సైడ్‌ను తీయదు, ప్రాణవాయువు ఇవ్వదు. ఇద్దరు ముగ్గురు పడుకుని లేచిన గది ఉదయానికి ఉక్కగా ఉంటుంది. చలికాలంలో మధ్యాహ్నం గాలి కాస్త తేటపడ్డాక గంటసేపు కిటికీలు తెరిచి, పొద్దువాలేలోపు మూసేయండి.

పనిచేస్తోందో లేదో ఇలా చూడొచ్చు. యంత్రం సొంత మీటరు తన పక్క గాలినే కొలుస్తుంది, కాబట్టి విడిగా చిన్న పీఎం 2.5 మీటరు ఎవరి దగ్గరైనా అడిగి తెచ్చి మంచం మీద పెట్టండి. గది మూసి, ఒక అగరుబత్తి కాసేపు వెలిగించి ఆర్పేయండి. అంకె బాగా పెరిగాక యంత్రం ఫుల్‌లో వేసి, మీరు బయటికి రండి. గాలి గంటకు ఐదుసార్లు మారుతుంటే ఎనిమిది పది నిమిషాల్లో అంకె సగమవ్వాలి, అరగంటలో పదో వంతుకు దగ్గర పడాలి. గంటైనా సగం తగ్గకపోతే వాపసు గడువు దాటకముందే పంపేయండి. పొగతో పాటు గదిలో నీటి తుంపర వదిలే అల్ట్రాసోనిక్ హ్యూమిడిఫయర్ ఏదైనా నడుస్తుంటే అంకెలు తప్పుగా వస్తాయి, దాన్ని ఆపి చూడండి.

ఢిల్లీ, నోయిడా, గురుగ్రామ్‌లలో ఉండే మనవాళ్లకు ఇదంతా అక్టోబరు కంటే ముందే కావాలి. అక్కడ పంట కొయ్యలు కాల్చే రోజుల్లో గదికొకటి తప్పదు, ఫిల్టర్లూ ఒక్క సీజన్‌లోనే నల్లబడతాయి. ముందుగానే ఒకటి కొని దాచుకోండి.

ముందుండే జాలీని పదిహేను రోజులకోసారి దులిపి, కడిగి, పూర్తిగా ఆరాక పెట్టండి. కొత్త ఫిల్టరు వేసినరోజు తేదీని పెన్నుతో దాని అంచు మీద రాయండి, యంత్రం గుర్తు గంటల లెక్కే చూస్తుంది, ఎంత పొగ పీల్చిందో చాలావాటికి తెలియదు. తీసేసిన పాతదాన్ని కవర్లో పెట్టి మూతి బిగించి పారేయండి. బాల్కనీలో మాత్రం దులపొద్దు, కింది ఫ్లాట్ వాళ్లు బట్టలు ఆరేసి ఉంటారు.