తెరపై కనిపించే వేగపరిమితి అంకెను ఎంతవరకు నమ్మాలి?

కారు తెరపైనో, ఫోన్‌లోని మ్యాప్‌లోనో చిన్న వృత్తంలో కనిపించే వేగపరిమితి అంకెకు ప్రధానంగా రెండు ఆధారాలుంటాయి. ఒకటి, లోపలి అద్దం వెనుక ముందు గాజుకు ఆనుకుని ఉండే కెమెరా. అది దారి పక్కన ఉన్న బోర్డు గుండ్రటి ఆకారాన్ని, ఎర్రటి అంచును, లోపలి అంకెను గుర్తుపడుతుంది. రెండవది, జీపీఎస్ చెప్పిన చోటును బట్టి మ్యాప్‌లో ఆ రోడ్డుకు ముందే నమోదైన పరిమితి. ఫోన్‌కు ఈ రెండవదే దిక్కు. కొన్ని కార్లు రెండింటినీ సరిపోల్చుకుంటాయి.

హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డుపై 2023లో గరిష్ఠ వేగాన్ని గంటకు 100 నుంచి 120 కిలోమీటర్లకు పెంచారు. అయితే ఆ 120 డివైడర్ పక్కనున్న మొదటి రెండు లేన్లకే వర్తిస్తుంది. మూడు, నాలుగు లేన్లలో 80 దాటకూడదు. ఫోన్ జీపీఎస్‌లో కొన్ని మీటర్ల తేడా మామూలే కాబట్టి, మీరు ఏ లేన్‌లో ఉన్నారో అది కచ్చితంగా చెప్పలేదు. కెమెరాకూ తిప్పలు లేకపోలేదు: పక్కకు దిగే ర్యాంప్ కోసం పెట్టిన బోర్డును మీ దారిదే అనుకుని ఉన్నట్టుండి తక్కువ అంకె చూపవచ్చు.

అందుచేత తెరకూ బోర్డుకూ పొంతన కుదరనప్పుడు, ముఖ్యంగా మరమ్మతులు జరుగుతున్న చోట, బోర్డునే పాటించండి. కారు మ్యాప్‌ను అప్పుడప్పుడు అప్‌డేట్ చేయించండి. కెమెరా ఎదుటి గాజును శుభ్రంగా ఉంచండి. చాలామంది చూసుకోని సంగతి ఏమిటంటే, ఫాస్టాగ్ స్టిక్కర్‌ను సరిగ్గా ఆ కెమెరాకు అడ్డంగా అంటించకూడదు.