లినక్స్ ఆన్ చేయగానే బయోస్ ఎర్రర్లు పడుతున్నాయా? ఇలా చూసుకోండి

మొన్న రాత్రి పదకొండింటికి మా బాబాయి కొడుకు ఫోన్ చేసాడు, "అన్నా, ఉబుంటు ఎక్కించాక ల్యాప్‌టాప్ ఆన్ చేస్తే నల్ల స్క్రీన్ మీద వరసగా బయోస్ ఎర్రర్, బగ్ అని పడుతోంది, బోర్డు పోయిందేమో" అని. లాగిన్ వస్తోందా అంటే వస్తోంది, వైఫై అంటే పనిచేస్తోంది. మరింకేంట్రా అన్నాను గానీ మొదటిసారి చూసినప్పుడు నేనూ అంతే కంగారుపడ్డా, రెండుసార్లు మళ్ళీ మొత్తం ఇన్‌స్టాల్ చేసా, రెండుసార్లూ అవే లైన్లు. రాక ఏం చేస్తాయి, అవి లినక్స్ తప్పు కాదుగా.

మెషిన్ ఆన్ అవగానే ముందు లేచేది మదర్‌బోర్డు చిప్‌లో ఉండే ఫర్మ్‌వేర్, అలవాటుగా మనం బయోస్ అంటాం. బ్యాటరీని ఎలా అడగాలి, ఏ పోర్టు ఎక్కడుంది, మూత వేస్తే ఏం చెయ్యాలి, ఇవన్నీ అది ఏసీపీఐ టేబుల్స్ అనే లిస్టులో రాసి ఆపరేటింగ్ సిస్టమ్ చేతికిస్తుంది. 1996లో ఇంటెల్, మైక్రోసాఫ్ట్, తోషిబా కలిసి తెచ్చిన పద్ధతి ఇది. చాలా ల్యాప్‌టాప్‌లకి ఆ లిస్టు విండోస్‌లో సరిపోతే చాలు అని వదిలేస్తారు, లినక్స్ మాత్రం తప్పు కనపడితే పైకే చెప్తుంది.

మావాడు పంపిన ఫోటోలో "కుడ్ నాట్ రిసాల్వ్ సింబల్" అని ఉంది, పక్కన ఎస్‌బీ, పీసీఐ0, ఎక్స్‌హెచ్‌సీ, ఆర్‌హబ్, హెచ్‌ఎస్11, చివర్లో ఏఈ నాట్ ఫౌండ్, అంటే దొరకలేదని. దీన్ని ఇంటి అడ్రస్ లాగా చదవాలి. ఎక్స్‌హెచ్‌సీ అంటే యూఎస్‌బీ కంట్రోలర్, ఆర్‌హబ్ దాని రూట్ హబ్, హెచ్‌ఎస్11 అంటే పదకొండో హైస్పీడ్ పోర్టు. వేరే మోడల్‌కి రాసిన లిస్టు దీనికీ కాపీ కొట్టుంటారు, ఇందులో ఆ పోర్టే లేదు. ఓటర్ల లిస్టు పట్టుకుని వీధిలో తిరిగే బీఎల్‌ఓ "పదకొండో నంబర్ ఇల్లు ఇక్కడ లేదండి" అని రాసుకుని పక్కింటికి వెళ్ళిపోతాడు చూడండి, లినక్స్‌కి గుండెకాయ లాంటి కెర్నల్ చేసింది కూడా అదే.

స్టెప్ 1. ముందు లైన్లన్నీ తీరిగ్గా చదవండి, వీడియో తీసి పాజ్ చేసుకునే తిప్పలు అక్కర్లేదు. కమాండ్లు నేను మావాడికి ఫోన్‌లో చెప్పినట్టే చెప్తున్నా, మీరు ఇంగ్లీషు చిన్న అక్షరాల్లో కొట్టండి. టెర్మినల్‌లో సుడో, స్పేస్, డి ఎం ఇ ఎస్ జి, స్పేస్, రెండు హైఫన్లు, లెవెల్, ఈక్వల్స్, ఇ ఆర్ ఆర్, కామా, వార్న్. లెవెల్ నుంచి వార్న్ దాకా మధ్యలో స్పేస్ ఇవ్వొద్దు. బ్రాకెట్లో ఫర్మ్‌వేర్ బగ్ అని ఉంటే కెర్నల్ నేరుగా బయోస్‌నే వేలెత్తి చూపిస్తోందన్నమాట.

స్టెప్ 2. ఏదైనా నిజంగా చెడిందా చూడండి. బ్యాటరీ శాతం, బ్రైట్‌నెస్ కీలు, టచ్‌ప్యాడ్, మూత వేసి తీస్తే మళ్ళీ లేస్తోందా, ఫ్యాన్ ఊరికే హోరెత్తుతోందా. అన్నీ బాగుంటే అది ఉత్త గోల. ఒకటి పనిచెయ్యకపోతే ఆ భాగం పేరు ఎర్రర్ లైన్‌లో ఉందేమో వెతకండి, దొరికితే సగం పని అయిపోయినట్టే.

స్టెప్ 3. బయోస్ అప్‌డేట్. అసలు మందు ఇదే, కానీ అందరూ దీన్నే చివరికి పెట్టుకుంటారు. సుడో, డిఎంఐడీకోడ్, హైఫన్ ఎస్, బయోస్ హైఫన్ వెర్షన్ అని కొడితే ఇప్పుడున్న వెర్షన్ వస్తుంది. తర్వాత ఎఫ్ డబ్ల్యూ యు పి డి ఎం జి ఆర్ అనే టూల్‌కి ముందు రిఫ్రెష్, తర్వాత గెట్ హైఫన్ అప్‌డేట్స్, చివర అప్‌డేట్ ఇవ్వండి, మీ మోడల్‌కి కంపెనీ ఆ టూల్ వెతికే చోట ఫైల్ పెట్టి ఉంటే అదే దించి ఎక్కిస్తుంది. లేకపోతే కంపెనీ సైట్ నుంచి దించి ఫ్యాట్32 పెన్‌డ్రైవ్‌లో వేసుకుని బయోస్ మెనూలోంచి ఎక్కించాలి, చాలా మోడళ్ళలో ఆ ఆప్షన్ ఉంటుంది. చార్జర్ పెట్టే ఉంచండి, బ్యాటరీ కూడా నిండుగా ఉండాలి, డెస్క్‌టాప్ అయితే యూపీఎస్ లేకుండా, కరెంటు పోయే టైమ్‌లో అసలు ముట్టుకోవద్దు. పక్కన విండోస్ కూడా ఉండి, డిస్క్‌కి తాళం వేసే బిట్‌లాకర్ వేసుంటే ముందు దాన్ని సస్పెండ్ చెయ్యండి, లేదంటే రికవరీ కీ అడిగి కూర్చుంటుంది.

టీఎస్‌సీ డెడ్‌లైన్ డిసేబుల్డ్, మైక్రోకోడ్ అప్‌డేట్ చెయ్యి అని వస్తే మాత్రం ఇంటెల్ మైక్రోకోడ్ (ప్రాసెసర్ లోపల నడిచే చిన్న కోడ్) ప్యాకేజీ వేసి రీబూట్ చేస్తే చాలాసార్లు సరిపోతుంది.

స్టెప్ 4. అయినా పోకపోతే కెర్నల్ ప్యారామీటర్, అంటే బూట్ అయ్యేటప్పుడు కెర్నల్‌కి మనం చెప్పే మాట. దీన్ని ముందు ఒక్క బూట్‌కి మాత్రమే పెట్టి చూడండి. ఆన్ అవగానే ఏ సిస్టమ్ కావాలో అడిగే గ్రబ్ మెనూలో ఇ నొక్కి, లినక్స్ అని మొదలయ్యే లైన్ చివర రాసి, ఎఫ్10 కొట్టాలి. పీసీఐఈ (వైఫై కార్డు, ఎస్‌ఎస్‌డీ లాంటివి బోర్డుకి కలిసే దారి) బస్ ఎర్రర్, సివియారిటీ కరెక్టెడ్ అని ఆగకుండా పడుతూ, లాగ్‌లతో డిస్క్ నిండిపోతుంటే పీసీఐఈ అండర్‌స్కోర్ ఏఎస్‌పీఎం ఈక్వల్స్ ఆఫ్ పెట్టండి, ఆ దారిలో కరెంటు పొదుపు ఆపడం అన్నమాట, బ్యాటరీ కొంచెం తొందరగా దిగుతుంది గానీ ఆ గోల చాలావరకు ఆగుతుంది. పీసీఐ ఈక్వల్స్ నోఏఈఆర్ అని కూడా చెప్తుంటారు, అది రిపోర్ట్ చేసేవాడి నోరు మూయడమే, ఎర్రర్ అక్కడే ఉంటుంది, అందుకే నాకు నచ్చదు. ఏసీపీఐ ఈక్వల్స్ ఆఫ్ మాత్రం దయచేసి వద్దు, ఎర్రర్లతో పాటు బ్యాటరీ రీడింగ్, స్లీప్ కూడా పోతాయి, ఒక్కోసారి షట్‌డౌన్ కూడా పూర్తిగా అవ్వదు. ఎలుకలున్నాయని ఇల్లు తగలబెట్టుకున్నట్టే.

పనిచేసిందనుకుంటే ఈటీసీలో డిఫాల్ట్ ఫోల్డర్‌లో గ్రబ్ ఫైల్ తెరిచి, క్వయట్ స్ప్లాష్ పక్కన అదే మాట కోట్స్ లోపలే రాసి, సుడో అప్‌డేట్ హైఫన్ గ్రబ్ కొట్టండి. ఫెడోరా లినక్స్‌లో ఆ పని గ్రబ్బీ అనే కమాండ్ చేస్తుంది.

స్టెప్ 5. అన్నీ బాగున్నాయి, ఆ లైన్లు చూడ్డమే చిరాకు అంటే అక్కడే లాగ్‌లెవెల్ ఈక్వల్స్ 3 అని పెట్టండి. క్వయట్ ఒక్కటే ఉంటే లెవెల్ 4, అందుకే ఎర్రర్లు ఇంకా తెర మీదకి వస్తాయి, 3 పెడితే రావు, కానీ లాగ్‌లో మాత్రం ఉంటాయి. ఇది ఐదో స్టెప్‌లో ఎందుకు పెట్టానంటే, ముందే దాచేస్తే రేపు నిజంగా ఏదైనా చెడినప్పుడు మీకు తెలియదు.

ఏ ప్యారామీటర్ ఎప్పుడు, ఎందుకు పెట్టారో ఒకచోట రాసుకోండి, కొత్త బయోస్ వచ్చాక తీసేసి ఒకసారి బూట్ చేసి చూడండి. మావాడికి బయోస్ ఎక్కించాక ఏడు లైన్లలో ఐదు పోయాయి, హెచ్‌ఎస్11 ఇంకా ఉంది, వాడిప్పుడు దాని వైపు కూడా చూడట్లేదు.