మన సరుకును జనం పేరు పెట్టి అడగాలంటే ఏం చేయాలి?

మా పిన్ని నెల్లూరులో ఇంట్లోనే నల్లకారం, కందిపొడి, పప్పులపొడి చేసి ఒక కిరాణా షాపుకు వేసేది. పావు కిలో లెక్కన కవర్లలో పోసి, కొవ్వొత్తి మంట మీద అంచులు అతికించి, గుడ్డసంచిలో పెట్టుకుని వెళ్లి ఇచ్చి వచ్చేది. షాపాయన వాటి మీద తన షాపు స్టిక్కర్ అంటించి అమ్ముకునేవాడు. ఆరేళ్లు అలా జరిగింది. తర్వాత ఒకరోజు, "ఇంక వద్దులేమ్మా, వేరేవాళ్లు కిలోకి ఇరవై తగ్గించి ఇస్తామంటున్నారు" అన్నాడు. అంతటితో అయిపోయింది. ఆ కారం వేసుకుని అన్నం తిన్న ఇళ్లు ఎన్నో ఉన్నాయి. అది ఎవరు చేశారో ఒక్క ఇంట్లోనూ తెలియదు. రుచి మారిందని అనుకున్నవాళ్లు కూడా పిన్నిని వెతుక్కుంటూ రాలేకపోయారు. ఏ పేరుతో వెతుకుతారు?

నేను లేబుళ్లు, బోర్డులు డిజైన్ చేసే డీటీపీ షాపు నడుపుతాను. ఊళ్లో అందరికీ స్టిక్కర్లు కొట్టిచ్చిన నాకు, పిన్నికి ఒకటి చేసివ్వాలన్న ఆలోచన ఆ ఆరేళ్లలో రాలేదు. ఆ బాధ నాకు ఇప్పటికీ ఉంది. అందుకే షాపుకు వచ్చే ప్రతి చిన్న వ్యాపారికీ చెప్పే మాటలనే ఇక్కడ రాస్తున్నాను.

బ్రాండ్ అనగానే టీవీ యాడ్లు, సినిమా హీరోలు గుర్తొస్తారు. చిన్న వ్యాపారానికి అంత అక్కర్లేదు. ఒకసారి కొన్న మనిషి రెండోసారి మీ సరుకును ఏమని అడగాలి? దానికి జవాబు దొరికితే మీకు బ్రాండ్ ఉన్నట్టే. ఒంగోలు వెళ్తున్నామంటే చుట్టాలు "మైసూర్‌పాక్ తెండి" అని ఊరుకోరు, "అల్లూరయ్య మైసూర్‌పాక్ తెండి" అంటారు. ఒక మనిషి పేరు, ఒక స్వీటు, ఒక ఊరు. అడగడానికి ఆ మూడూ చాలు.

మొదట మూడు రోజులు వినండి

డిజైన్ దగ్గరకు పరిగెత్తకండి. ఒక నోటు పుస్తకం కౌంటర్ దగ్గర పెట్టుకుని, వచ్చినవాళ్లు మీ సరుకును ఏమని అడుగుతున్నారో వాళ్ల మాటల్లోనే రాయండి. "అక్కా, పోయినసారి తీసుకెళ్లిన కారం ఉందే, అదే కావాల", "ఆ వేపచెట్టు కింద దోసె", "స్కూలు ఎదురుగా ఉండే టైలరు". ఇలాంటివే వస్తాయి. ఫోన్ చేసి దారి అడిగేవాళ్లు చెప్పే గుర్తులు కూడా రాసుకోండి.

మూడు రోజుల తర్వాత చదివితే రెండు విషయాలు తెలుస్తాయి. మీ దగ్గర జనానికి ఏది నచ్చిందో ఒకటి. ఎక్కువసార్లు అది మీరు గొప్పగా చెప్పుకునేది అయివుండదు. పిన్ని కందిపొడి బాగా చేస్తానని అనుకునేది, జనం మాత్రం షాపులో నల్లకారమే అడిగేవాళ్లు. రెండోది, మిమ్మల్ని గుర్తుపట్టేది మీ పేరుతోనా, వేపచెట్టుతోనా అన్నది. రోడ్డు వెడల్పు చేసేటప్పుడు చెట్టు పోతుంది. చెట్టుతో పాటు మీ గుర్తూ పోకూడదు.

పేరు ఎంచుకోవడం

ఇక్కడ కాస్త ఎక్కువసేపు ఆగాలి, ఎందుకంటే తర్వాత మార్చుకోవడం చాలా కష్టం.

మన జిల్లాల పశువులే దీనికి పెద్ద ఉదాహరణ. ఒంగోలు గిత్త మనకు ఒంగోలు గిత్తే. ఆ జాతి సముద్రం దాటి బ్రెజిల్ వెళ్లి, అక్కడ మాంసపు పశువుల్లో అత్యధిక భాగం తానే అయింది. కానీ అక్కడ దాని పేరు నెలోర్. 19వ శతాబ్దంలో ఒంగోలు నెల్లూరు జిల్లాలోనే ఉండేది, ఆ జిల్లా పేరే పశువుకు అంటుకుంది. జాతి ఒకటే, ఇక్కడ ఒక పేరు, అక్కడ ఒక పేరు. సరుకుతో పాటు బయలుదేరిన పేరే అవతలి ఊళ్లో నిలబడిపోతుంది. పేరు లేకుండా బయలుదేరితే, చేరినచోట ఎవరో ఒకరు తమ పేరు అంటిస్తారు.

నా దగ్గరకు వచ్చేవాళ్లలో చాలామంది "శ్రీ లక్ష్మి" అనో, "శ్రీ వెంకటేశ్వర" అనో, "సాయి" అనో అడుగుతారు. దేవుడి మీద భక్తి ఉండాల్సిందే. అయితే అదే వీధిలో అదే పేరుతో ఇంకో రెండు షాపులుంటే కస్టమర్ ఎవరి దగ్గరకు వెళ్తాడు? దేవుడి పేరు పెట్టుకోవాలనుకుంటే దాని పక్కన మీదైన మాట ఒకటి చేర్చండి. ఇంటిపేరు కావచ్చు, అమ్మమ్మ పేరు కావచ్చు, మీ పల్లె పేరు కావచ్చు.

ఇంకో పొరపాటు, సరుకు పేరునే బ్రాండ్ చేసుకోవాలనుకోవడం. "నెల్లూరు కారం", "స్వచ్ఛమైన నెయ్యి" లాంటివి. ట్రేడ్ మార్క్స్ (సరుకును గుర్తుపట్టే పేర్లు, బొమ్మలు) చట్టం, 1999లోని 9వ సెక్షన్ ప్రకారం సరుకు రకాన్ని, నాణ్యతను, అది వచ్చిన ఊరిని మాత్రమే చెప్పే మాటలను మామూలుగా ఒక్కరి పేరు మీద రిజిస్టర్ చేయరు. అవి అందరి మాటలు. వాటి మీద పదేళ్లు ఖర్చు పెట్టినా పక్కవాడు అదే పేరు రాసుకుంటే ఆపడం కష్టం.

ఊరి పేరుకు వేరే దారి ఉంది. ఉదయగిరి చెక్క గరిటెలకు, వెంకటగిరి చీరలకు భౌగోళిక గుర్తింపు ఉంది, జనం జీఐ ట్యాగ్ అంటారు కదా, అదే. అది ఒక్కరి సొత్తు కాదు. ఆ ప్రాంతంలో ఆ పని చేసేవాళ్లు అధీకృత వినియోగదారులుగా నమోదు చేయించుకుని వాడుకోవచ్చు. మీరు గరిటెలు చెక్కేవారైతే ఊరి పేరు పెద్దగా వేసుకోండి, దాని కింద మీ పేరు కూడా వేయండి. ఉదయగిరి గరిటె కొన్నవాళ్లకు అది ఏ చేతిలోంచి వచ్చిందో కూడా తెలియాలి.

పేరు అనుకున్నాక ఒక పరీక్ష పెట్టండి. రద్దీగా ఉన్న బస్టాండులో నిలబడి ఎవరికైనా ఫోన్ చేసి ఆ పేరు ఒక్కసారే చెప్పండి. అవతలి మనిషి తిరిగి సరిగ్గా పలికి, రాయగలిగితే ఆ పేరు పనికొస్తుంది. "ఏంది? మళ్లీ చెప్పు" అంటే వదిలేయండి.

కొలత మారకూడదు

దీన్ని బ్రాండింగ్ కింద ఎవరూ లెక్కపెట్టరు. నా లెక్కలో సగం పని ఇదే.

పిన్ని చేత్తో వేసేది. ఎండుమిర్చి ఇన్ని, ధనియాలు గుప్పెడు, జీలకర్ర, వెల్లుల్లి, కరివేపాకు, నిమ్మకాయంత చింతపండు. ఇంటికైతే అలా సరిపోతుంది. అమ్మకానికైతే ఈ వారం కారం ఘాటుగా, వచ్చేవారం పుల్లగా ఉంటుంది. తర్వాత పిన్ని సొంతంగా అమ్మకం మళ్లీ మొదలుపెట్టినప్పుడు నేను చేసిన మొదటి పని లేబుల్ కొట్టడం కాదు. చిన్న కాటా తెచ్చి పొయ్యి పక్కన పెట్టాను. పిన్ని ఎప్పటిలాగే చేత్తో తీసి కాటాలో వేసేది, నేను గ్రాములు రాసేవాణ్ని. నాలుగు దఫాలు అలా రాస్తే ధనియాల గుప్పెడు ఒకసారి 38 గ్రాములు, ఒకసారి 55 గ్రాములు! పిన్ని నమ్మలేదు, కాటాను అటూ ఇటూ జరిపి చూసింది. బాగా కుదిరిందని తనే అన్న దఫా కొలతలను అట్టముక్క మీద రాసి గోడకు కట్టాం. మిరపకాయలు ఏ రకం, ఎవరి దగ్గర కొన్నాం అన్నది కూడా దాని మీదే రాశాం.

మీది టైలరింగ్ అయితే ఇచ్చిన తేదీకే జాకెట్టు ఇవ్వడం, మెస్ అయితే చేపల పులుసు రోజూ ఒకే పులుపులో ఉండటం, మెకానిక్ షాపు అయితే పాత పార్టు కస్టమర్ చేతికి ఇచ్చి చూపించడం. ఏదో ఒకటి తప్పకుండా జరుగుతుందని జనానికి తెలియాలి. అది లేకుండా ఎంత అందమైన బోర్డు పెట్టినా రెండోసారి రారు.

లేబుల్, బోర్డు

బోర్డు విషయం తొందరగా తేలిపోతుంది. డిజైన్‌ను కంప్యూటర్ స్క్రీన్ మీద చూసి ఓకే అనకండి. ఫోన్‌లో చిన్నగా చేసి చేయి చాపి చూడండి, పేరు చదవగలగాలి. బోర్డు పెట్టాక రోడ్డు అవతలకు వెళ్లి చూడండి. షాపు పేరు, ఏం అమ్ముతారో ఒక్క మాట, ఫోన్ నంబరు. ఇరవై రకాల సరుకుల పేర్లు రాయిస్తే ఒక్కటీ కనపడదు. మన ఎండలకు ఫ్లెక్స్ మీద ఎరుపు తొందరగా వెలిసిపోతుంది, ముఖ్యమైన పేరును లేత ఎరుపు, గులాబీ రంగుల్లో వేయించకండి. రెండు రంగులు ఎంచుకుని బోర్డుకు, కవరుకు, బిల్లు పుస్తకానికి అవే వాడండి. పెద్ద కంపెనీ రంగులు, అక్షరాలు అచ్చుగుద్దినట్టు చేసివ్వమని అడిగితే నేను ఒప్పుకోను. కేసు భయం ఒకటి. అంతకన్నా, కస్టమర్‌కు గుర్తొచ్చేది ఆ కంపెనీయే, మీరు కాదు.

ఒక మాట మనసులో ఉంచుకోండి. కవరు మీద దేవుడి బొమ్మ వేయించవద్దు. పొడి అయిపోయాక ఆ కవరు చెత్తబుట్టలోకి వెళ్తుంది. చాలా ఇళ్లలో ఆడవాళ్లు దాన్ని పారేయలేక, ఉంచుకోలేక ఇబ్బంది పడతారు. బోర్డు మీద వేసుకోండి, అక్కడ అందంగా ఉంటుంది.

ప్యాక్ చేసిన తినే సరుకైతే లేబుల్ మీద చట్టం అడిగేవి ఉన్నాయి. సరుకు పేరు, తయారీదారు పేరు, పూర్తి చిరునామా, నికర బరువు, అన్ని పన్నులతో కలిపి ఎమ్మార్పీ, తయారైన తేదీ, ఎప్పటిలోగా వాడాలో ఆ తేదీ, బ్యాచ్ నంబరు, ఎక్కువ వేసినదాని నుంచి తక్కువ వేసినదాని వరకు వరుసగా పదార్థాల పేర్లు, పోషక వివరాలు, శాకాహారమైతే ఆకుపచ్చ గుర్తు, ఆహార భద్రత చూసే కేంద్ర సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ ఇచ్చే 14 అంకెల నంబరు, ఫిర్యాదు చేయడానికి ఫోన్ నంబరు. ఇంట్లో చేసి అమ్మేవాళ్లకు కూడా ఎఫ్ఎస్ఎస్ఏఐ నమోదు కావాలి. ఇదంతా చూసి టెన్షన్ పడకండి. ఇవన్నీ వేసిన చిన్న లేబుల్ ఇంటి సరుకుకు పెద్ద గౌరవం తెస్తుంది. బ్యాచ్ నంబరు మీకే ఎక్కువ ఉపయోగం. ఎవరైనా "ఈసారి ముక్కవాసన వచ్చింది" అంటే ఆ దఫా ఏ రోజు చేశారో తెలుస్తుంది, మిగతా ప్యాకెట్లు వెనక్కి తెప్పించుకోవచ్చు. వెనక్కి తీసుకుని డబ్బులిచ్చిన షాపును జనం పది మందికి చెప్తారు.

పేరును రిజిస్టర్ చేయించడం

దరఖాస్తుకు ముందు ట్రేడ్ మార్క్ శాఖ వెబ్‌సైట్‌లో ఆ పేరు ఇప్పటికే ఎవరిదైనా ఉందేమో వెతకండి, దానికి డబ్బు కట్టనక్కర్లేదు. తెలుగులోనూ ఇంగ్లీషులోనూ పలికితే ఒకేలా వినిపించే పేర్లన్నీ చూడండి. సరుకులు, సేవలు కలిపి 45 తరగతులుగా ఉంటాయి. కారప్పొడులు, స్వీట్లు 30వ తరగతి కిందికి, ఊరగాయలు 29వ తరగతి కిందికి వస్తాయి. దరఖాస్తు ఫారం పేరు టీఎం-ఏ. ఆన్‌లైన్‌లో వేస్తే వ్యక్తులకు, చిన్న సంస్థలకు ఒక్కో తరగతికి ప్రభుత్వ రుసుము 4,500 రూపాయలు, మిగతావాళ్లకు 9,000. చిన్న సంస్థగా తక్కువ రుసుము కట్టడానికి, చిన్న వ్యాపారాలకు కేంద్ర ప్రభుత్వం ఇచ్చే ఉద్యమ్ సర్టిఫికెట్ పనికొస్తుంది. ఆ నమోదు పూర్తిగా ఉచితం, దానికి డబ్బులు అడిగేవాళ్లను నమ్మకండి.

మన రాష్ట్రం చెన్నై ట్రేడ్ మార్క్ ఆఫీసు పరిధిలో ఉంది. అధికారులు పరిశీలించాక పేరును ఆ శాఖ పత్రిక అయిన ట్రేడ్ మార్క్ జర్నల్‌లో ప్రచురిస్తారు. నాలుగు నెలల్లో ఎవరూ అభ్యంతరం చెప్పకపోతే రిజిస్ట్రేషన్ వస్తుంది. అది పదేళ్లు ఉంటుంది, మళ్లీ పొడిగించుకోవచ్చు. దరఖాస్తు వేసినప్పటి నుంచి పేరు పక్కన టీఎం అని వేసుకోవచ్చు. వృత్తంలో ఆర్ అక్షరం మాత్రం రిజిస్టర్ అయ్యాకే వేయాలి, ముందే వేస్తే చట్టవిరుద్ధం.

ఇప్పుడే అంత ఖర్చు పెట్టలేమంటే ఒక పని చేయండి. ఆ పేరుతో ఇచ్చిన మొదటి బిల్లు, మొదటి లేబుల్, మొదటి బోర్డు ఫొటో తేదీతో సహా దాచండి. రేపు గొడవ వస్తే ముందు నుంచి వాడుతున్నది ఎవరో చూస్తారు.

ఫోన్‌లో కనపడే పేరు

బోర్డు మీద ఒక పేరు, క్యూఆర్ కోడ్ స్కాన్ చేస్తే బావమరిది పేరు వచ్చే షాపులు ఎన్నో చూశాను. డబ్బు కట్టేటప్పుడు కస్టమర్ ఒక్క క్షణం ఆగిపోతాడు. షాపు పేరు మీద కరెంట్ ఖాతా తెరిచి దాని క్యూఆర్ పెట్టండి. వాట్సాప్ బిజినెస్‌లో అదే పేరు, అదే లోగో, ధరలతో కేటలాగ్. గూగుల్ మ్యాప్‌లో షాపు పెట్టి, తెరిచే వేళలు నిజంగా పాటించేవే రాయండి.

షాపులకు సరుకు వేసేవాళ్లకు

షాపువాళ్లు తమ స్టిక్కర్ వేసుకోవడంలో తప్పు లేదు. అది కూడా వ్యాపారమే. అయితే ప్యాకింగ్ నిబంధనల ప్రకారం తయారుచేసినవారు వేరు, ప్యాక్ చేసినవారు వేరు అయినప్పుడు ఇద్దరి పేర్లూ ఉండాలి. ఆ మాట మర్యాదగా, మొదటి రోజే అడగండి. ఒక్క షాపుకే మొత్తం సరుకు వేయకండి. కొంతైనా మీ లేబుల్‌తో నేరుగా అమ్ముకోండి.

పిన్ని ఇప్పుడు వీధిలో అందరూ తనను పిలిచే పేరుతోనే కారం అమ్ముతోంది. ఈ మధ్య ఒక షాపాయన ఇంటికి వచ్చి, "పొడులన్నీ మాకే వేయమ్మా, మా స్టిక్కర్‌తో అమ్ముకుంటాం" అన్నాడు. పిన్ని గోడ మీది అట్టముక్క వైపు ఒకసారి చూసి, "వేస్తాను నాయనా. చేసింది ఎవరో కింద నా పేరు ఉండాల" అంది. ఆయన ఆలోచించి చెప్తానని వెళ్లిపోయాడు. మూడో రోజు ఫోన్ చేసి పది కిలోల నల్లకారం అడిగాడు. పేరు ఎంత సైజులో వేయమంటారో కూడా అడిగాడు.